పెట్టెలక్కకి అప్పు పుట్టింది

పెట్టెలక్క బతికున్నన్నాళ్ళూ ఏ ఇంటికి వెళ్ళినా ముందు ఆ ఇంట్లోని అట్టపెట్టెల్ని పలకరించేది, తర్వాతే మనుషుల్ని. అల్మారా మీద చెప్పుల పెట్టె కంటపడితే చాలు, కిందికి దించేది. మూత తీసి, మూలలు నొక్కి చూసి, "ఇది అతికించినవాళ్ళెవరో గానీ జిగురు దగ్గర మహా పిసినార్లు" అని తేల్చేది. ఆస్పత్రిలో ఆపరేషనై పడుకున్న పక్కింటాయన్ని చూడ్డానికి వెళ్ళి, బల్ల మీదున్న మందుల పెట్టెలన్నీ విప్పి, చదునుగా పరిచి, మళ్ళీ మడిచి పెట్టింది. ఆయన కడుపు పట్టుకుని, "అమ్మా తల్లీ, నవ్వించకు, కుట్లు తెగుతాయి" అని బతిమాలుకున్నాడు. ఆమె నవ్వించడానికేమీ చెయ్యలేదు. ఆ మడత ఎలా పడిందో చూడాలనిపించింది, చూసింది, అంతే.

ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆమె కార్ఖానా. కార్ఖానా అంటే పెద్ద మాటే. ఒక పొడవాటి బల్ల, రెండు ఇనప స్కేళ్ళు, జిగురు బకెట్టు, గోడవారగా అట్టల కట్టలు. దాన్ని మొదలుపెట్టింది ఆమె భర్త. ఆయన గుండెపోటుతో పోయాక అందరూ షెడ్డు అద్దెకిచ్చేసుకోమన్నారు. ఆమె వినలేదు. ఆయన చెల్లెలు, అంటే ఆమె ఆడపడుచు, కత్తి పట్టుకుని బల్ల దగ్గర నిలబడింది. "అన్నయ్య లేడని అట్టలు కూడా ఏడవాలా వదినా? ఇటివ్వు" అంది. పనికి మరో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చేవారు. చెప్పుల కొట్లకీ, మందుల కొట్లకీ, అన్నిటికన్నా ఎక్కువగా ఒక బేకరీకీ వీళ్ళే పెట్టెలు చేసి ఇచ్చేవారు.

భర్త దగ్గర్నుంచి పెట్టెలక్కకి వచ్చిన ఆస్తి ఆ షెడ్డూ, ఒక పట్టుదలా. సరుకు తెచ్చిన క్షణమే డబ్బు చేతిలో పెట్టాలి. ఆయన అరువు మాట వింటే చెవులు మూసుకునే మనిషి. ఆమె కూడా అలాగే ఉండిపోయింది. ఎవరైనా వ్యాపారం ఎలా ఉందని అడిగితే, లాభం సంగతి చెప్పేది కాదు. "ఎవరికీ దమ్మిడీ బాకీ లేం" అనేది. అది చెప్పేటప్పుడు ఆమె మెడ కాస్త నిటారుగా లేచేది.

ఆ మెడ వంగే రోజు బేకరీ వల్ల వచ్చింది. బేకరీ ఓనరు కేకుల పెట్టెలకి మూత మీద కిటికీ కావాలన్నాడు. లోపలి కేకు కనబడాలి, కిటికీకి పారదర్శకపు ప్లాస్టిక్ కాగితం అంటించాలి. చదరపు కిటికీ అయితే స్కేలు పెట్టి నాలుగు గీతలు కోస్తే అయిపోతుంది. ఆయనకి కోడిగుడ్డు ఆకారం నచ్చింది. గట్టి అట్టలో కోడిగుడ్డు ఆకారం కొయ్యాలంటే కత్తిని తిప్పుతూనే నొక్కాలి, నొక్కుతూనే తిప్పాలి. ఆ భారమంతా బొటనవేలి మొదట్లో పడుతుంది. ఆడపడుచు కోసిన కిటికీలు అచ్చు గుద్దినట్టు ఉండేవి. బేకరీలో కేకులు కొనేవాళ్ళు పెట్టెని మెచ్చుకునేవారు.

ఆడపడుచు వేలికి గుడ్డ చుట్టుకోవడం మొదలుపెట్టింది. అడిగితే "జిగురు అంటకుండా" అంది. ఒక మధ్యాహ్నం చేతులు కడుక్కోవడానికి వెళ్ళి, కుళాయి తిప్పలేక, మోచేత్తో తిప్పుతూ దొరికిపోయింది. పెట్టెలక్క గుడ్డ లాగి చూసింది. బొటనవేలు కింద కండ వాచి నిగనిగలాడుతోంది.

డాక్టరు చేతిని అటూ ఇటూ వంచి చూసి, "కత్తి మానెయ్యాలి" అన్నాడు. "మానకపోతే కొన్నాళ్ళకి ఈ వేలు ఉన్నా లేనట్టే."

తిరిగొస్తూ ఆడపడుచు, "వాళ్ళలాగే భయపెడతారు వదినా" అంది. పెట్టెలక్క మనసులో లెక్క వేసుకుంది. కత్తి మానేస్తే కిటికీలు లేవు, కిటికీలు లేకపోతే బేకరీ లేదు, బేకరీ లేకపోతే షెడ్డులో సగం బల్ల ఖాళీ. మానకపోతే ఆ చెయ్యి పోతుంది.

మర్నాడే పంచింగ్ మెషిన్లు అమ్మే చోటుకి వెళ్ళారు. అక్కడ ఒకటి తిప్పి చూపించారు. చెక్కలో ఉక్కు బ్లేళ్ళు వంచి బిగించిన అచ్చు ఒక పక్క, అట్ట ఇంకో పక్క. మెషిన్ పెద్ద నోరు తెరిచినట్టు తెరిచి, ఠప్పున మూసింది. మళ్ళీ తెరిచేసరికి కోతా, మడత గీతా, కిటికీ అన్నీ ఒక్క దెబ్బకి పడిపోయాయి. ఆడపడుచు ఆ అట్టని తీసి వెలుతురులో పట్టుకుని చూసింది. "దీని దుంప తెగ" అంది మెచ్చుకోలుగా. ధర విన్నాక ఆ అట్టని జాగ్రత్తగా తిరిగి బల్ల మీద పెట్టేసింది. "బ్యాంకు లోను పెట్టుకోండమ్మా, అందరూ అలాగే కొంటారు" అన్నాడు మెషిన్లాయన, ఎండగా ఉంది గొడుగు పట్టుకెళ్ళండి అన్నంత తేలిగ్గా.

బ్యాంకులో లోన్ల సీట్లో ఉన్నావిడ కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకుని మాట్లాడేది. మంచి మనిషి. మొదట పెట్టెల గురించే అడిగింది. తర్వాత అసలు సంగతికొచ్చింది.

"ఇంతకు ముందు మీ కంపెనీ ఏమైనా అప్పు తీసుకుందా?"

"ఛ ఛ! ఎప్పుడూ లేదమ్మా." మెడ నిటారుగా లేచింది.

"సరుకు అరువు మీద తెస్తారా?"

"అరువు మా ఇంటా వంటా లేదు."

"కంపెనీ పేరు మీద ఖాతా?"

"దేనికమ్మా? ఇంట్లో డబ్బా ఉంది. వచ్చింది అందులో వేస్తాం, కావాల్సింది అందులోంచే తీస్తాం."

లోన్లావిడ పెన్ను కింద పెట్టింది. "మీరు నిజాయితీ గల మనుషులని చూస్తుంటేనే తెలుస్తోంది. కానీ మీ కంపెనీ ఎలాంటిదో చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదమ్మా. చెడ్డ పేరుంటే ఎందుకొచ్చిందని అడిగేదాన్ని. మీకు అసలు పేరే లేదు."

ఇన్నేళ్ళు తలెత్తుకు తిరిగింది ఆ ఒక్క మాట మీదే కదా అని పెట్టెలక్క ప్రాణం చివుక్కుమంది. మెట్లు దిగుతుంటే ఆడపడుచుకి మాత్రం నవ్వాగలేదు.

"అంటే వదినా, ఎప్పుడూ అప్పు చెయ్యలేదని మనకి అప్పు ఇవ్వరన్నమాట."

"నవ్వు, నవ్వు. నీ చెయ్యి కోసం కాకపోతే ఈ గడప తొక్కేదాన్నా?"

లోన్లావిడ వట్టి చేతులతో పంపలేదు. కంపెనీ పేరు మీద ఖాతా తెరిపించింది. ఇంటి డబ్బూ కంపెనీ డబ్బూ కలపొద్దంది. అట్టలు అరువు మీద తెచ్చుకుని, గడువు దాటకుండా ఖాతాలోంచి కట్టమంది. కొన్ని నెలలు అలా నడిపి రమ్మంది. "మీకు సరుకిచ్చేవాళ్ళని మేం అడుగుతాం. ఎంత అరువిచ్చారు, ఎప్పుడు తీర్చారు అని. మీ పేరు అక్కడే పుడుతుంది."

ఇంటి డబ్బూ కంపెనీ డబ్బూ విడదీయడం అన్నదమ్ములు వేరు పడ్డంత గొడవైంది. రెండు డబ్బాలు పెట్టారు. "వదినా, ఈ టీ పొడి ఇంటిదా, కంపెనీదా?" అని ఆడపడుచు వంటింట్లోంచి కేకేసేది. "తాగేది పని మధ్యలో అయితే కంపెనీది." "సగం తాగి పనిలోకి వస్తే?" "నోర్ముయ్."

అసలు కష్టం అరువు అడగడం. అట్టలమ్మే పెద్దాయన్ని వీళ్ళు బాబాయ్ గారూ అని పిలిచేవారు. భర్త రోజుల నుంచీ ఆయన దగ్గరే కొనడం. పెట్టెలక్క వెళ్ళి కూర్చుని ఆయన మోకాళ్ళ నొప్పుల గురించి అడిగింది, మనవరాలి చదువు గురించి అడిగింది, ఎండల గురించి మాట్లాడింది. చివరికి లేచి గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరక్కుండానే, "ఈసారి అట్టలు అరువు మీద కావాలి బాబాయ్ గారూ" అంది.

ఆయన కంగారుగా లేచి నిలబడ్డాడు. "ఏం తల్లీ? ఇంట్లో అందరూ బాగానే ఉన్నారా?"

విషయమంతా చెప్పింది. అరువు మీద తెస్తానని, గడువు రోజున బ్యాంకులో వేస్తానని. "ఎంత కావాలంటే అంత పట్టుకెళ్ళు" అన్నాడాయన. డబ్బు కట్టని అట్టల కట్ట షెడ్డులోకి వచ్చింది. మిగతా కట్టల మీద కూర్చుని టీ తాగే పెట్టెలక్క దాని మీద మాత్రం కూర్చునేది కాదు. చుట్టుతిరిగి వెళ్ళేది. రెండో రోజుకే కట్టేస్తానంటే ఆడపడుచు చెయ్యి పట్టుకుని ఆపింది. "ఇవాళే కట్టేస్తే అది అప్పెలా అవుతుంది? గడువు దాకా ఓర్చుకో."

ఈలోగా కిటికీలు పెట్టెలక్కే కొయ్యబోయింది. ఆడపడుచు చూసి, "కోడిగుడ్డు అడిగితే బంగాళాదుంప కోశావు వదినా" అంది. అందుకే వదిన బయటికి వెళ్ళినప్పుడల్లా తను చాటుగా కత్తి పట్టుకునేది. తిరిగొచ్చేసరికి కిటికీలు నున్నగా ఉండేవి. చూస్తే తెలిసిపోయేది. తెలిసినా, ఇంకెన్నాళ్ళు, మెషిన్ వచ్చేస్తుందిగా అని పెట్టెలక్క చూసీ చూడనట్టు ఊరుకునేది.

నెల నెలా గడువు తప్పకుండా కట్టింది. లోన్లావిడ చెప్పిన సమయానికి మంచి చీర కట్టుకుని, ఆడపడుచుని వెంటబెట్టుకుని బ్యాంకుకి వెళ్ళింది. ఖాతా చూసి లోన్లావిడ తల ఊపింది. బిల్లులు తిరగేసింది, కనుబొమలు ముడిచింది. "వీటి మీద అరువని ఎక్కడా లేదే?" అంటూ అట్టల బాబాయికి ఫోను కలిపి, వీళ్ళకి కూడా వినబడేలా బల్ల మీద పెట్టింది.

"ఈ కంపెనీకి మీరు సరుకు అరువిస్తుంటారా అండీ?"

"అరువా! ఎంత మాట!" బాబాయి గొంతు ఖంగుమంది. "ఆమె నాకు ఒక్క రోజు కూడా, ఒక్క పైసా కూడా బాకీ పడలేదండీ. మీరు ధైర్యంగా అప్పివ్వండి. అలాంటి మనిషి ఈ చుట్టుపక్కల దొరకదు!"

లోన్లావిడ ఫోను పెట్టేసి, జాలిగా చూసింది. "ఆయన అరువు ఇవ్వనే లేదంటున్నారమ్మా."

అక్కణ్ణుంచి తిన్నగా అట్టల కొట్టుకే వెళ్ళారు. వీళ్ళని చూడగానే బాబాయి ముఖం వెలిగిపోయింది. "ఫోనొచ్చింది తల్లీ! నీ గురించి ఎంత గొప్పగా చెప్పానో!"

"మీ పొగడ్త నా కొంప ముంచింది బాబాయ్ గారూ. నేను అరువు మీద పట్టుకెళ్ళిన సరుకు మాటేమిటి?"

ఆయన తెల్లబోయాడు. అప్పుడు బయటపడింది. ఆమె సరుకు తీసుకెళ్ళిన రోజున ఆయన ఏమీ రాసేవాడు కాదు. డబ్బు వచ్చిన రోజున, ఆ పూటే కొన్నట్టు నగదు బిల్లు రాసి పంపేవాడు. నెలలన్నీ అంతే. పెట్టెలక్క ఆ బిల్లుల్ని విప్పి చూడకుండానే డబ్బాలో పడేసేది. విప్పదీసి చూడకుండా ఆమె వదిలేసిన కాగితాలు బహుశా జన్మలో అవే.

"నీ పేరు బాకీదార్ల పక్కన ఎలా రాయను? ఎగ్గొట్టే వెధవలుంటారు ఆ వరసలో. నా చెయ్యి పడిపోదూ?" అన్నాడు బాబాయి. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాసేపు గడ్డం గీరుకుని, గొంతు తగ్గించాడు. "పోనీ ఇప్పుడు రాసిస్తాను. పాత తేదీలు వేసి అన్నీ అరువు బిల్లులుగా మార్చేస్తా. జరిగిందేగా అది, అబద్ధమేం కాదు."

పెట్టెలక్క ఆడపడుచు చేతి వైపు చూసింది. గుడ్డ చుట్టి ఉంది. ఒక్క క్షణం ఊ అనబోయింది కూడా.

"వద్దు బాబాయ్ గారూ. ఇందాక ఆవిడతో ఇవ్వలేదని చెప్పారు. రేపు ఇచ్చానని చెప్పాలి. మీకు అబద్ధం ఆడటం రాదు. నిజం చెప్తేనే ఇంత అయింది. ఇవాళ్టి నుంచి రాయండి. పట్టుకెళ్ళిన రోజే రాయండి, గడువు వెయ్యండి, బాకీ అని రాయండి."

"మీ ఆయనుంటే ఒప్పుకునేవాడా తల్లీ?"

"ఆయనుంటే మీతో ఇంకా గట్టిగా పోట్లాడేవాడు. చెల్లెలి చెయ్యి ఇది."

బాబాయి బాకీల పుస్తకం ముందుకి లాక్కున్నాడు.

తిరిగి బ్యాంకుకి వెళ్ళి జరిగింది చెప్తే, రాతలో ఉన్న అరువుతో ఇంకో ఆరు నెలలు నడపాలని లోన్లావిడ తేల్చింది. ఆ సాయంత్రం పెట్టెలక్క షెడ్డులో ఉన్న కత్తులన్నీ ఏరి ఇంట్లో బీరువాలో పెట్టి తాళం వేసింది. చదరపు పనికి ఒకటి ఉంచుకుని, దాన్ని తన నడుముకే దోపుకుంది.

"బేకరీ సంగతేంటి వదినా?"

"నేను మాట్లాడతాను."

"ఆర్డరు పోతుంది."

"పోనీ. ఆర్డర్లు ఇంకా వస్తాయి, బొటనవేళ్ళు మొలుస్తాయా?"

ఆర్డరు నిజంగానే పోయింది. బేకరీ ఓనరు మర్యాదస్థుడే. తిట్టలేదు, కోప్పడలేదు, కిటికీ పెట్టెలు వేరే పెద్ద కంపెనీకి ఇచ్చేసుకున్నాడు. మామూలు పెట్టెలు మాత్రం వీళ్ళకే ఉంచాడు. పనివాళ్ళిద్దరిలో ఒకావిడ తనే మరో పని వెతుక్కుంది. ఆ ఆరు నెలలూ కూరల్లో నూనె తగ్గింది. చెప్పుల పెట్టెలూ, మందుల పెట్టెలూ చేసి, ఎలాగో గడువులు తప్పకుండా నెట్టుకొచ్చారు. ఆడపడుచు పనేమీ లేక చిరాకు పడేది, ఎడం చేత్తో జిగురు రాయడం నేర్చుకుంది, బల్ల కన్నా తన జాకెట్టుకే ఎక్కువ రాసుకునేది.

బాబాయి మాత్రం కొత్త పనిలో పడ్డాడు. గడువుకి ముందు రోజు ఫోను చేసేవాడు.

"తల్లీ... ఊరికే చేశాను. మీ వైపు వానలెలా ఉన్నాయి?"

"బాబాయ్ గారూ, బాకీ అడగడానికేనా?"

"అబ్బే... అంటే... అవును."

"గట్టిగా అడగండి మరి."

"రేపటికల్లా కట్టెయ్యాలి!"

"ఊ, అలా."

ఈసారి లోన్లావిడ ఫోను చేసినప్పుడు ఆయన ఆగలేకపోయాడు. "బాకీ పడుతుందండీ! నెల నెలా పడుతుంది! నెల నెలా తీరుస్తుంది!" అని అరిచాడు. ఆవిడ ఫోను చెవికి దూరంగా పట్టుకుని నవ్వింది.

అయినా వెంటనే ఇచ్చెయ్యలేదు. మెషిన్ వచ్చాక నెలకి ఎన్ని పెట్టెలు చేస్తే వాయిదా వెళ్తుందో లెక్క వేసుకురమ్మంది. వదినా ఆడపడుచులు కూర్చుని వేసుకెళ్ళారు. కరెంటు బిల్లు కలపలేదు. మళ్ళీ వేసుకెళ్ళారు. అచ్చులు చేయించే ఖర్చు మర్చిపోయారు. మూడోసారికి లెక్క కుదిరింది. ధరలో నాలుగో వంతు వీళ్ళు పెట్టుకోవాలి, మిగతాది బ్యాంకుది, తీరేదాకా మెషిన్నే తాకట్టు. పెట్టెలక్క సంతకం పెట్టింది. "ఇప్పుడు మేం అప్పులవాళ్ళమేనా అమ్మా?" అని అడిగింది. "ఇప్పుడు మీకు పేరుందమ్మా" అంది లోన్లావిడ.

మెషిన్ లారీలో వచ్చింది. దింపి, గొట్టాల మీద దొర్లించుకుంటూ షెడ్డు దాకా తెచ్చి, అక్కడ ఆగిపోయారు. గుమ్మం పట్టలేదు. ఊరందరి వస్తువులకీ కొలతలు తీసి పెట్టెలు చేసిచ్చే మనిషి తన గుమ్మం కొలుచుకోలేదు. ఆడపడుచు నేల మీద కూలబడి నవ్వుతూనే ఉంది. మేస్త్రిని పిలిచి సగం గోడ పగలగొట్టించారు. రెండు వారాలు ఆ సందు మీద టార్పాలిన్ కప్పుకుని పని చేశారు. పనివాళ్ళలో వెళ్ళిపోయినావిడ అటుగా వెళ్తూ తొంగి చూసి, "ఏం అక్కా, వెలుతురు కోసమా?" అంది. "నీ కోసమే, వచ్చెయ్" అంది పెట్టెలక్క. ఆమె వచ్చేసింది.

మెషిన్ తిప్పడం నేర్పడానికి వచ్చినాయన ముందుగా ఎర్ర కడ్డీ చూపించాడు. చెయ్యి ఇంకా లోపలుంటే అది తగిలి మెషిన్ ఆగిపోతుందట. పెట్టెలక్క దాన్ని పదిసార్లు నొక్కి చూసుకుంది. ఆడపడుచుని ఆ నోటి దగ్గరికి రానివ్వలేదు. "నువ్వు అటు పోయి గియ్యి. అచ్చుకి బొమ్మ గీసేవాళ్ళు కావాలి కదా." ఆడపడుచు అలిగింది. తర్వాత కాగితమూ పెన్సిలూ తీసుకుని కిటికీ దగ్గర కూర్చుంది. చెయ్యి మునుపటిలా ఎప్పటికీ కాదని డాక్టరు చెప్పాడు. వాపు మాత్రం దిగింది. వేలు వంగుతోంది.

ఆమె గీసిన కోడిగుడ్డు ఆకారంతో అచ్చు తయారై వచ్చాక, మొదటి అట్ట పెట్టారు. ఠప్పుమని నోరు మూసి తెరిచింది. కిటికీ ముక్క ఊడి కింద పడింది. పెట్టెలక్క ఆ అట్టని తీసుకెళ్ళి ఆడపడుచు ముందు పెట్టింది. ఆమె కళ్ళు చికిలించి చూసింది.

"ఈ పక్క కాస్త లావుగా ఉంది వదినా."

"మెషిన్ కోసిందే అది!"

"గీసింది నేనేగా. ఇంకోసారి గీస్తాను ఉండు." పెన్సిలు తీసుకుంది. బొటనవేలితో నొక్కి పట్టుకుని, మెల్లగా గుండ్రంగా తిప్పింది. పెట్టెలక్క ఆ వేలినే చూస్తూ నిలబడింది.

"నొప్పిగా ఉందా?"

"పెన్సిలుకి నొప్పేంటి వదినా. కాస్త జరుగు, వెలుతురుకి అడ్డం నిలబడ్డావు."